సంఘం పెరిగిందంటె ఏం పెరిగినట్టు?

అమెరికా కాలేజీలల్ల ఎండాకాలం సెలవులు దగ్గర పడంగనే ఒక తంతు నడుస్తది. అక్కడి విద్యార్థి సంఘాలు, వాటినే ఫ్రటర్నిటీలు అంటరు, ఆ ఏడు తాము ఏం చేసినయో లెక్క చెప్పుకుంటయి. ఇంతమంది కొత్తోళ్లు చేరిండ్రు, ఇన్ని గంటలు సేవ చేసినం, ఇన్ని డాలర్లు పోగుచేసి ఇచ్చినం, ఫలానా అవార్డు మాకే వచ్చింది. పక్కన ఒకే రంగు అంగీలు తొడుక్కున్న పోరగాళ్ల ఫొటో. చూడటానికి మంచిగనే ఉంటది. మనూర్ల యూత్ వాళ్లు వినాయకుని మండపం కాడ కట్టే ఫ్లెక్సీ యాదికొస్తది.

ఆ లెక్కను ఎట్ల చదవాలె అన్నదే ఈ ముచ్చట. ఎందుకంటె సంఘంల మనుషులు పెరుగుడు వేరు, ఆ సంఘం వల్ల బయటోళ్లకు తొవ్వ దొరుకుడు వేరు. రెండూ ఒకటే అనుకుంటె మోసపోతం. ఇది తెలవాలంటె అమెరికాల నల్లజాతి విద్యార్థులు పెట్టుకున్న ఆల్ఫా ఫై ఆల్ఫా అనే సంఘం కథ చూడాలె. మార్టిన్ లూథర్ కింగ్ సభ్యుడిగ ఉన్న సంఘం అది. దాంట్ల మనం నేర్చుకునేది ఉన్నది. వద్దని పక్కన పెట్టేది గూడ ఉన్నది.

ఇంతకు ఫ్రటర్నిటీ అంటె ఏంది?

మాటకు అర్థం అన్నదమ్ముల సంఘం. ఆడపిల్లలదైతె సొరారిటీ అంటరు. 1776లో వర్జీనియాల విలియం అండ్ మేరీ కాలేజీ విద్యార్థులు ఫై బీటా కప్పా అని ఒక సంఘం పెట్టుకున్నరు. గ్రీకు అక్షరాలు పేరుగ పెట్టుకునే అలవాటు అక్కడినుంచే మొదలైంది. ఒక్కో సంఘానికి దేశమంతట శాఖలుంటయి. ఒక కాలేజీల ఉండే శాఖను చాప్టర్ అంటరు. పెద్ద పెద్ద చాప్టర్లకు సొంత ఇండ్లుంటయి, సభ్యులు అండ్లనే ఉంటరు, అండ్లనే తింటరు. మన తీరుగ చెప్పాలంటె హాస్టలు, యూత్ సంఘం, పూర్వ విద్యార్థుల సంఘం మూడూ కలిపి ఒక్కటి చేస్తె ఎట్లుంటదో అట్ల.

సినిమాలల్ల చూపెట్టేది తాగుడు, ఎగురుడు. అది గూడ నిజమే. కని అసలు బలం అది కాదు. చదువు అయిపోయినంక నౌకరి చూపెట్టే అన్న దొరుకుతడు. ఫోన్ చేస్తె ఎత్తే పెద్దమనిషి ఉంటడు. ఒకసారి చేరితె బతికినంత కాలం సభ్యుడే. అందుకే ఎవలను లోపలికి రానిస్తరు, ఎవలను రానియ్యరు అన్నదే అక్కడ అసలు పంచాయితి. పాత సంఘాలల్ల చానా వాటికి తెల్ల క్రైస్తవ మగపిల్లలకే ప్రవేశం అని రాతపూర్వకంగనే నియమాలు ఉండేటివి. కాలేజీ తలుపు ఒకటైతె, కాలేజీ లోపల ఇంకో తలుపు ఉండె.

తిరిగిరాని ఆరుగురు

న్యూయార్క్ రాష్ట్రంల ఇథాకా అనే పట్నం ఉన్నది. అక్కడిదే కార్నెల్ యూనివర్సిటీ. 1904-05 ఏడుల అక్కడ చదివిన నల్లజాతి విద్యార్థులల్ల ఆరుగురు మరుసటేడు తిరిగి రాలేదు. కాగితం మీద చూస్తె వాళ్లకు సీటు ఉన్నది. కని తెల్ల పిల్లల సంఘాలు, వాళ్ల ఇండ్లు, వాళ్లు కలిసి చదువుకునే బల్లలు వీళ్లకు అందేటివి కావు.

ఈ ముచ్చట మనకు వివరించి చెప్పాల్సిన పని లేదు. ఇంటర్ల మంచి మార్కులొచ్చి, పట్నంల పెద్ద కాలేజీల సీటొచ్చి, రెండేండ్లకు సంచి సదురుకొని ఇంటికొచ్చిన పిల్లలు మన ఊర్లల్ల గూడ ఉన్నరు. "వానికి చదువు రాలేదు" అని ఊరు అంటది. అక్కడ వానికి మనిషి దొరకలేదన్న సంగతి ఎవ్వరూ అనరు.

కార్నెల్‌ల మిగిలినోళ్లు, కొత్తగ వచ్చినోళ్లు కలిసి ముందుగాల ఒక చదువు బృందం పెట్టుకున్నరు. ఒకరికొకరు పాఠం చెప్పుకునుడు, ఒకరికొకరు ధైర్యం చెప్పుకునుడు. వాళ్లల్ల కొంతమంది తెల్లోళ్ల ఫ్రటర్నిటీ ఇండ్లల్ల బల్లల కాడ వడ్డించి కాలేజీ ఖర్చులు ఎల్లదీసుకున్నోళ్లు. వడ్డించుకుంటనే ఆ సంఘాలు ఎట్ల నడుస్తయో దగ్గరినుంచి చూసిండ్రు. మనం గూడ సంఘం పెట్టుకోవాల్నా, చదువు బృందంగనే ఉందామా అని వాళ్లల్ల వాళ్లకే వాదన నడిచింది. ఆఖరికి 1906 డిసెంబర్ 4న ఏడుగురు కలిసి ఆల్ఫా ఫై ఆల్ఫా పెట్టిండ్రు. మరుసటేడే వాషింగ్టన్‌ల హోవార్డ్ యూనివర్సిటీల రెండో చాప్టర్ వచ్చింది.

ఆ ఏడుగురు ఏమైండ్రు? హెన్రీ కాలిస్ డాక్టర్ అయిండు. వర్ట్నర్ టాండీ న్యూయార్క్ రాష్ట్రంల రిజిస్టర్ అయిన మొదటి నల్లజాతి ఆర్కిటెక్ట్. యూజీన్ కింకిల్ జోన్స్ నేషనల్ అర్బన్ లీగ్‌ను ఏండ్లకేండ్లు నడిపిండు. పల్లెలు ఇడిచి పట్నాలకు పనికొచ్చిన నల్లజాతి కుటుంబాలకు నౌకర్లు, ఇండ్లు దొరకాలని కొట్లాడిన సంస్థ అది. ఆరుగురు తిరిగి రాని చోట ఏడుగురు నిలబడ్డరు, నిలబడి ఇంకొకరికి చెయ్యి అందించిండ్రు. నా లెక్కల మొదటి ఏడాది పెరుగుదల అంటె అది. సభ్యుల సంఖ్య ఏడు. అంతే.

ఒక చాప్టర్ ఏడాది ఎట్ల నడుస్తది

ఇప్పటికొద్దాం. ఇసొంటి సంఘం చాప్టర్ అంటె వందల మంది ఉంటరనుకోకుండ్రి. పది, ఇరవై మందితోని నడిచే చాప్టర్లు మామూలే. వాళ్ల ఏడాది దాదాపు ఇట్లుంటది.

ఆగస్టుల కాలేజీ తెరుస్తరు. కొత్త పిల్లలను కలుసుకునుడు, సంఘం గురించి చెప్పుడు, ఆ ఏడుకు ఖర్చుల లెక్క రాసుకునుడు. సెప్టెంబర్‌ల ఓటు నమోదు. కాలేజీ ఆవరణల బల్ల ఏసుకొని కూసొని, పద్దెనిమిదేండ్లు నిండినోళ్ల పేర్లు రాయిస్తరు. దీని వెనుక పెద్ద కథ ఉన్నది, జర ఆగి చెప్త.

అక్టోబర్, నవంబర్ల బడులకు పోతరు. హైస్కూల్‌కు పో, కాలేజీకి పో అని ఈ సంఘానికి 1920ల కాలం నుంచి ఒక కార్యక్రమం ఉన్నది. అప్పట్ల దక్షిణాది రాష్ట్రాలల్ల చానా జాగలల్ల నల్లజాతి పిల్లలకు హైస్కూలే లేకుండె. ఇప్పుడు ఆ పని కాలేజీ దరఖాస్తు ఎట్ల నింపాలె, స్కాలర్‌షిప్ ఎక్కడ దొరుకుతది అని చెప్పే కాడికి వచ్చింది. ప్రాజెక్ట్ ఆల్ఫా అని ఇంకోటి 1980 నుంచి నడుస్తున్నది. మగపిల్లలను కూసోబెట్టి, చిన్న వయసుల ఆడపిల్ల గర్భవతి అయితె ఆ బాధ్యతల సగం మీది గూడ అని విడమరిచి చెప్తరు. మనకాడ గిసొంటి మాట ఆడపిల్లలకే చెప్తరు గని, మగపిల్లలకు ఎవరు చెప్తున్నరు?

డిసెంబర్ 4న సంఘం పుట్టినరోజు. జనవరి మూడో సోమవారం కింగ్ జయంతి సెలవు. 1994ల అమెరికా పార్లమెంటు ఆ దినాన్ని సేవ దినంగ గూడ చేసింది. ఆ రోజు ఇంట్ల పండుకునుడు కాదు, బువ్వ దొరకనోళ్లకు పంచే గోదాములల్ల సంచులు కట్టుడు, బడి గోడలకు రంగులేసుడు. ఫిబ్రవరి నల్లజాతి చరిత్ర నెల. మార్చి, ఏప్రిల్ వరకు కొత్త సభ్యులను నలుగురి ముందు పరిచయం చేస్తరు, స్టెప్ షోలు పెడతరు. స్టెప్పింగ్ అంటె పాట లేకుంటనే కాళ్లతోని, చేతులతోని దరువు పుట్టిచ్చే ఆట. టికెట్ పైసలు స్కాలర్‌షిప్‌లకు పోతయి. మేల డిగ్రీలు తీసుకొని పెద్దోళ్లు ఎల్లిపోతరు.

గిక్కడే ఒక కిటుకు ఉన్నది. నాలుగేండ్ల చదువు కాబట్టి ప్రతి ఏడు దాదాపు నాలుగో వంతు మనుషులు ఎల్లిపోతరు. కొత్తోళ్లు రాకుంటె మూడు నాలుగేండ్లల్ల చాప్టర్ మాయమైతది. కాబట్టి "ఈ ఏడు పెరిగినం" అన్న మాట వాళ్లకు ఉత్త గొప్ప కాదు, ప్రాణం నిలబెట్టుకునుడు. కని మనిషికి మనిషి వచ్చినంత మాత్రాన పని నిలబడదు. దానికే చదువు అయిపోయినోళ్లకు ఊరూర్ల వేరే చాప్టర్లు ఉంటయి. నౌకర్లు చేసుకునే డాక్టర్లు, టీచర్లు, వకీళ్లు అండ్ల సభ్యులు. ఓటు నమోదు కాగితం ఎట్ల నింపాలె, హెడ్‌మాస్టర్‌ను ఎట్ల ఒప్పియ్యాలె అని కొత్త పిల్లలకు వాళ్లు చెప్తరు. పెండ్లయి, పట్నం పోయి, గల్ఫ్ పోయి మనోళ్లు దూరమైతె మన యూత్ సంఘం ఆగమైతది. వాళ్లది ఆగం కాకుండ ఉన్నదంటె ఈ రెండో చాప్టర్ వల్లనే.

సేవ ఒక్కటే సరిపోదు

సంచులు కట్టుడు మంచిదే. కని సంచి ఎందుకు కట్టాల్సొచ్చింది అని అడిగినోళ్లే చరిత్రల మిగులుతరు. ఈ సంఘం గొప్పతనం కింగ్ పేరు చెప్పుకునుట్ల లేదు, ఆ ప్రశ్న అడుగుట్ల ఉన్నది.

1930లల్ల ఈ సంఘం ఓటు లేని జనం ఆశ లేని జనం అనే అర్థం వచ్చే నినాదంతోని దేశమంతట పని మొదలుపెట్టింది. అప్పుడు దక్షిణాది రాష్ట్రాలల్ల ఓటెయ్యాలంటె పన్ను కట్టాలె, చదువు పరీక్ష రాయాలె. పేరుకు పరీక్ష, నల్లోళ్లను ఆపుటానికి పెట్టిన కంచె అది. కేంద్ర ఎన్నికలల్ల ఆ పన్ను పోవుటానికి 1964ల రాజ్యాంగ సవరణ కావాల్సొచ్చింది. ఓటు హక్కుకు గట్టి చట్టం 1965ల వచ్చింది. అంటె ముప్పై ఏండ్ల పని. ఏ ఒక్క ఏడాది రిపోర్టుల గూడ "గెలిచినం" అని రాసుకునే వీలు లేని పని.

మేరీలాండ్ యూనివర్సిటీ లా కాలేజీ డొనాల్డ్ మర్రే అనే విద్యార్థికి నల్లోడని సీటియ్యలేదు. ఆ కేసు వాదించి గెలిచిన చార్లెస్ హూస్టన్, థర్గుడ్ మార్షల్ ఇద్దరూ ఈ సంఘం మనుషులే. 1936ల ఆ రాష్ట్ర పై కోర్టు గూడ మర్రే దిక్కే తీర్పిచ్చింది. అదే మార్షల్ 1967ల అమెరికా సుప్రీంకోర్టుకు మొదటి నల్లజాతి జడ్జి అయిండు.

ఇంకో కేసు మనకు సూటిగ తాకుతది. 1942ల ఎల్మర్ హెండర్సన్ అనే మనిషి రైలుల పోతున్నడు. తినే డబ్బాల నల్లోళ్లకు బల్లలు వేరు, నడుమ పరదా. ఆ బల్లల కాడ గూడ తెల్లోళ్లు కూసున్నరు. వేరే కుర్చీ ఖాళీగ ఉన్నా ఇయనకు మాత్రం బువ్వ పెట్టలేదు. సంఘం అండగ నిలిచింది, సంఘం వకీలు బెల్‌ఫోర్డ్ లాసన్ వాదించిండు. ఎనిమిదేండ్లకు, 1950ల, సుప్రీంకోర్టు ఆ పద్ధతి చెల్లదన్నది. హోటల్ల రెండు గ్లాసుల పద్ధతి చూసిన మన తాతలకు ఆ పరదా కథ చెప్తె ఒక్క నిమిషంల అర్థమైతది.

అసలు ఈ బంధం కొత్తది కాదు. ఈ సంఘంల సభ్యుడైన మేధావి డబ్ల్యూ. ఇ. బి. డూబాయిస్‌కు 1946ల అంబేద్కర్ ఉత్తరం రాసిండు. మీ నల్లజాతి ప్రజలు ఐక్యరాజ్య సమితికి పెట్టుకున్న అర్జీ నకళ్లు మాకు గావాలె అని అడిగిండు. డూబాయిస్ జవాబు గూడ రాసిండు. అక్కడోళ్ల అర్జీ చూసి ఇక్కడోళ్లకు ఏం పనికొస్తదో ఆలోచించుట్ల తప్పు లేదని బాబాసాహెబే చూపెట్టిండు.

వద్దనుకోవాల్సింది

ఇగ రెండో దిక్కు. ఫ్రటర్నిటీ అనంగనే అమెరికా తల్లిదండ్రులకు దడ పుట్టిచ్చే మాట హేజింగ్. మన ర్యాగింగ్‌కు అన్నదమ్ముడే. చేరాలంటె దెబ్బలు తినాలె, నిద్ర లేకుంట ఉండాలె, తాగమన్నంత తాగాలె. దీంతోని ప్రాణాలు పోయిన పిల్లలు ఉన్నరు. నల్లజాతి సంఘాలు దీనికి అతీతం కాదు. తొమ్మిది నల్లజాతి సంఘాల కూటమి 1990ల పాత చేరిక పద్ధతినే రద్దు చేసింది. కని చాటుమాటుగ దెబ్బలు ఆగలేదు. 2024 డిసెంబర్‌ల అమెరికాల కొత్త చట్టం వచ్చింది. హేజింగ్ ఘటనలను కాలేజీలు దాచిపెట్టకుంట లెక్క చెప్పాలని అది అంటది.

దెబ్బ తిన్నోడే రేపు కొడతడు. "మేము పడ్డం, మీరు గూడ పడాలె" అన్న మాట మీద నడిచే సంఘం, ఎంత సేవ చేసినా, లోపల దొరతనాన్నే పెంచుతది. మనకాడ ర్యాగింగ్ మీద 1997 నుంచే రాష్ట్ర చట్టం ఉన్నది, 2009ల యూజీసీ నిబంధనలు వచ్చినయి. 1800-180-5522 నంబరుకు ఉచితంగ ఫోన్ చెయ్యొచ్చు. తమ్ముడూ, చెల్లె, ఫోన్‌ల దాచిపెట్టుకో.

రెండోది, లోపలోళ్లం అన్న పొగరు. 2015ల ఓక్లహోమా యూనివర్సిటీల ఒక తెల్ల ఫ్రటర్నిటీ పిల్లలు బస్సుల కూసోని, నల్లోళ్లను మా సంఘంల ఎన్నటికీ చేర్చుకోమని పాట పాడుకున్నరు. వీడియో బయటికొచ్చింది, చాప్టర్ మూతపడ్డది. మూడోది పైసలు. చేరుడుకే వందల డాలర్లు గుంజుతరు. కూలికి పోయే ఇంటి బిడ్డకు ఆ తలుపు గూడ మూసినట్టే.

మన తెలుగోళ్లు ఎక్కడున్నరు?

1990లల్ల అమెరికా కాలేజీలల్ల దక్షిణాసియా పిల్లలు గూడ సొంత ఫ్రటర్నిటీలు పెట్టుకున్నరు. 1998ల టెక్సాస్ యూనివర్సిటీ ఆస్టిన్‌ల పుట్టిన డెల్టా ఎప్సిలాన్ సై అసొంటిదే. టెక్సాస్‌ల మనోళ్లు ఎంతమంది ఉన్నరో మీకు తెలుసు. అక్కడ పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకు ఈ సంఘాలు కొత్తేం కాదు. బయటోళ్లుగ చూడబడ్డోళ్లు తమకు తాము ఇల్లు కట్టుకునుడు న్యాయమే.

కని ఒక్క ప్రశ్న అడగాలె. బయటోళ్లం అని ఇల్లు కట్టుకున్నంక, ఆ ఇంట్ల మల్ల బయటోడు ఎవడు? నేను ఏ సంఘం మీద నింద ఎయ్యట్లేదు. కని అమెరికా చదువుల లోకంల కులం లేదని మాత్రం ఎవ్వరూ అనలేరు. అప్పట్ల 23 క్యాంపసులున్న కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022 జనవరిల తన వివక్ష వ్యతిరేక నియమాలల్ల కులం అన్న మాట చేర్చింది. విద్యార్థులు కొట్లాడితేనే చేర్చింది. రంగు కాడ తలుపు తెరువుమని అడిగినోళ్లు కులం కాడ గూడ అడగాలె గదా.

లెక్క ఎట్ల రాయాలె

ఊర్ల యూత్ సంఘం కావొచ్చు, హాస్టల్ పిల్లల బృందం కావొచ్చు, అంబేద్కర్ సంఘం కావొచ్చు. ఏడాదికొకసారి కూసోని లెక్క రాయాల్సిందే. ఫొటోల లెక్క కాదు. నా తరఫున ఐదు ప్రశ్నలు.

ఒకటి, ఈ ఏడు చదువు బంజేసే కాడికొచ్చిన పిల్లలు ఎంతమంది, వాళ్లల్ల ఎంతమందిని మళ్ల కాలేజీకి తోలినం? కార్నెల్ ఏడుగురి పని ఇదే.

రెండు, పద్దెనిమిదేండ్లు నిండినోళ్లల్ల ఎంతమంది పేర్లు ఓటరు లిస్టుల ఎక్కినయి? ఫారం 6 నింపుటానికి పైసా ఖర్చు లేదు.

మూడు, మనం చేసిన సేవ వెనుక ఏ హక్కు ఉన్నది? నీళ్ల ట్యాంకర్ తెప్పిస్తె మంచిదే, నల్లా ఎందుకొస్తలేదని గ్రామసభల అడిగినమా? అడిగింది తీర్మానం పుస్తకంల రాయించినమా?

నాలుగు, మన సంఘంల ఎవరు లేరు? ఏ వాడ నుంచి మనిషి లేడు? ఆడపిల్లలు ఎంతమంది ఉన్నరు, వాళ్ల చేతుల పైసల పుస్తకం ఉన్నదా, లేకుంటె బతుకమ్మ నాడు ఫొటోకే పిలిచినమా?

ఐదు, ఊరు ఇడిచి పోయినోళ్ల లిస్టు మన కాడ ఉన్నదా? హైదరాబాద్‌ల ఉన్న అన్న, దుబాయ్‌ల ఉన్న బావ, నర్సు నౌకరి చేసే అక్క. చందాకు మాత్రమే యాది చేసుకుంటె వాళ్లు గూడ ఫోన్ ఎత్తరు. ఒక్కొక్కలకు ఒక్కో పిల్లను, పిల్లగాన్ని అప్పజెప్పుండ్రి. ఫీజు కట్టుమని కాదు, నెలకొక్కసారి మాట్లాడుమని.

వాషింగ్టన్‌ల కింగ్ స్మారకం కట్టాలన్న ఆలోచన 1984ల ఈ సంఘం సభ్యులదే. 1996ల పార్లమెంటు ఒప్పుకున్నది, 2011ల స్మారకం తెరిచిండ్రు. ఇరవై ఏడేండ్లు పట్టింది. ఈ నడుమ ఎన్ని చాప్టర్లల్ల ఎంతమంది చేరిండ్రో, ఎంతమంది డిగ్రీ తీసుకొని ఎల్లిపోయిండ్రో. పని మాత్రం ఒకరి చేతుల నుంచి ఇంకొకరి చేతులకు పోయింది.

వచ్చే జూన్ల కాలేజీలు తెరుస్తరు. అప్పటి లోపట మీ సంఘం పుస్తకం ఒకటి కొనుండ్రి, నలభై పేజీలది చాలు. మొదటి పేజీల చందా రాయకుండ్రి. మీ ఊర్ల నుంచి ఈ ఏడు కాలేజీకి పోయేటోళ్ల పేర్లు రాయుండ్రి. మరుసటేడు అదే పేజీ తెరిచి, ఎవరు తిరిగి పోయిండ్రు, ఎవరు ఇంట్ల ఉన్నరు చూడుండ్రి. ఇంట్ల ఉన్నోళ్ల ఇంటికే ముందుగాల పోవాలె.